బాణానికి సరైన నాక్ ఎంచుకోవడం ఎలా: ఇటు షాఫ్టు, అటు స్ట్రింగు

బాణాలు కొనేటప్పుడు షాఫ్టు (బాణం కాడ) గురించి వారం రోజులు వాకబు చేసేవాళ్లు, నాక్ దగ్గరికి, అంటే తోకకి తగిలించే, స్ట్రింగును (వింటినారిని) పట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్క దగ్గరికొచ్చేసరికి "ఏ రంగులున్నాయి?" అని అడిగి ఊరుకుంటారు. నేనూ అదే చేశాను. గులాబీ రంగు బాగుందని ఓ డజను తెప్పించుకుని షాఫ్టుల్లోకి నెడితే, చెప్పుల్లో కాలు దూరినట్టు వదులుగా దూరాయి. పోనీలే అని టేపు చుట్టి బిగించాను. మర్నాడు గ్రౌండులో లాగిన బాణం వదలకుండా మెల్లగా దించుకుని, స్ట్రింగు మీంచి తీయబోతే షాఫ్టు ఒక్కటే చేతికొచ్చింది. నాక్ మాత్రం స్ట్రింగును పట్టుకుని గులాబీ మొగ్గలా వేలాడుతోంది. పక్కన నిలబడ్డ పిల్లలు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

తర్వాత తెలిసిందేమంటే, నాక్‌కి రెండు కొసలుంటాయి, రెండింటికీ రెండు కొలతలుంటాయి. ఒక కొస షాఫ్టులో కూర్చుంటుంది, రెండోది స్ట్రింగును పట్టుకుంటుంది. మొదటిది కంపెనీ పట్టీ చూస్తే తేలిపోతుంది. రెండోదాన్ని మీ విల్లు దగ్గర, మీ స్ట్రింగు మీద, మీ చేత్తోనే తేల్చుకోవాలి. గురి చెడేది ఎక్కువగా ఈ రెండో కొస దగ్గరే. కాబట్టి ఈ వ్యాసంలో దాని మీదే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు షాఫ్టు వెనక ఏముందో చూడండి

కొత్త నాక్‌లు కొనే ముందు పాత నాక్ ఒకటి పీకి, షాఫ్టు తోక వైపు ఏముందో చూడండి. నాలుగు రకాల్లో ఏదో ఒకటి కనబడుతుంది.

షాఫ్టు రంధ్రంలోకి నేరుగా నాక్ దూరితే అది ప్రెస్ ఫిట్ రకం. కార్బన్ బాణాల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇక్కడ చూసుకోవాల్సింది షాఫ్టు లోపలి వ్యాసం, బయటి లావు కాదు. లోపలి వ్యాసం 0.166 అంగుళాలుంటే, అంటే సుమారు 4.2 మిల్లీమీటర్లుంటే, ఈస్టన్ వాళ్ల భాషలో దానికి జి నాక్. 0.204 అంగుళాలైతే ఎక్స్ నాక్, అది సుమారు 5.2 మిల్లీమీటర్లు. 0.246 అయితే సుమారు 6.2 మిల్లీమీటర్లు, దాని నాక్ వేరు. వేరే కంపెనీలవాళ్లు పేర్లు మార్చినా ఈ మూడు కొలతలు మాత్రం తరచూ ఎదురవుతాయి. దుకాణంలో "ఫైవ్ ఎంఎం నాక్ ఇవ్వండి" అని అడగకండి. ఒకరు లోపలి కొలత చెబుతారు, ఇంకొకరు షాఫ్టు మోడల్ పేరులోని అంకె చెబుతారు. నా గులాబీ డజను అలాగే పోయింది. షాఫ్టు మీద అచ్చువేసిన పేరు, స్పైన్ నంబరు (షాఫ్టు ఎంత వంగుతుందో చెప్పే అంకె) ఫోటో తీసుకుని వెళ్లండి. పాత నాక్ కూడా ఒకటి జేబులో వేసుకెళ్తే ఇంకా మంచిది.

షాఫ్టు వెనక నుంచి సన్నటి అల్యూమినియం ముల్లు పొడుచుకొస్తుంటే అది పిన్ రకం. నాక్ ఆ పిన్ మీద టోపీలా కూర్చుంటుంది. ఎక్స్10 లాంటి సన్నటి పోటీ బాణాలకు ఇదే వాడతారు. పిన్ మాత్రం షాఫ్టు మోడల్‌కు తగ్గది కొనాలి. పిన్ మీద కూర్చునే నాక్‌లో మాత్రం చాలావరకు అందరిదీ ఒకటే కొలత.

షాఫ్టు మూతికి ఉంగరంలాంటి లోహపు ముక్క బిగించి, అందులో నాక్ ఉంటే దాన్ని బుషింగ్ అంటారు. అల్యూమినియం బాణాల్లో, ఇండోర్ పోటీలకు వాడే లావు బాణాల్లో కనిపిస్తుంది. 2315 అనే బాణం తీసుకోండి. దాని బయటి వ్యాసం అంగుళంలో 64వ వంతులు 23, గోడ మందం అంగుళంలో వెయ్యో వంతులు 15. ఇంత లావు గొట్టంలోకి నేరుగా నాక్ పెడితే నాక్ బరువు పెరిగిపోతుంది. అందుకే బుషింగ్ పెట్టి రంధ్రాన్ని చిన్నది చేస్తారు. బుషింగ్ ఉంటే షాఫ్టు కొలత సంగతి మర్చిపోండి, బుషింగ్ రంధ్రం కొలత చూడండి.

షాఫ్టు తోక పెన్సిల్ మొనలా చెక్కి ఉంటే అది జిగురు నాక్. చెక్క బాణాలకు, కొన్ని ఫైబర్ బాణాలకు, పాతకాలపు అల్యూమినియం బాణాలకు ఇది వాడతారు. ఇవి 1/4, 9/32, 5/16, 11/32 అంగుళాల సైజుల్లో దొరుకుతాయి. నాక్ కోసం చెక్కే కోణం 11 డిగ్రీలు, ముందు మొన కోసం చెక్కేది 5 డిగ్రీలు. ఈ రెండూ తారుమారు చేసి చెక్కినవాళ్లను చూశాను. నాక్ సగం దాకా దిగి ఆగిపోతే, జిగురు సరిపోలేదనుకుని ఇంకాస్త పూస్తారు, పాపం. చెక్క బాణానికైతే ఇంకో మాట. నాక్ గాడి చెక్క పేటుకి, అంటే కట్టెలోని నార గీతలకి, అడ్డంగా ఉండాలి. పేటు వెంట గాడి పడితే స్ట్రింగు తోపుకి కట్టె నిలువునా చీలుతుంది. కట్టెలోనే గాడి కోసుకునేవాళ్లు దాని కిందుగా దారం చుట్టి జిగురు పట్టించడం ఇందుకే.

క్రాస్‌బో బాణాల జోలికి ఇక్కడ వెళ్లను. వాటి నాక్‌లు వేరు, దాని తయారీదారు చెప్పిన రకం తప్ప ఇంకోటి పెట్టడం ప్రమాదం.

పిన్నా, ప్రెస్ ఫిట్టా?

మీ షాఫ్టుకి రెండూ పట్టే వీలుంటే ఈ ప్రశ్న వస్తుంది. జి నాక్ దూరే చాలా షాఫ్టులకు పిన్ కూడా దొరుకుతుంది.

తెలుగులో "పుంఖానుపుంఖాలుగా" అంటాం కదా, ఉత్తరాలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి అని. పుంఖం అంటే బాణం తోక. ఒక బాణం తోకను ఇంకో బాణం తాకేలా వరసగా వెయ్యడమే ఆ మాట. ఇప్పటి గ్రౌండులో దీన్ని రాబిన్‌హుడ్ అంటారు. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది, ఫోటోలూ దిగుతారు, కానీ వెనకొచ్చిన బాణం ముందు బాణం షాఫ్టులోకి దిగబడితే రెండూ చెత్తబుట్టకే. పాయింట్లు మాత్రం పోవు లెండి. తోకలో దిగి అక్కడే నిలిచిన బాణానికి, ముందు బాణానికి ఎంతొస్తే అంతే ఇస్తారు.

పిన్ ఉపయోగం ఇక్కడే. వెనక నుంచి దెబ్బ తగిలితే నాక్ చితికి ఎగిరిపోతుంది, పిన్ వంగుతుంది, షాఫ్టు మూతి మిగులుతుంది. ప్రెస్ ఫిట్ నాక్‌కి అదే దెబ్బ తగిలితే నాక్ కాడ లోపలికి దిగి కార్బన్‌ను చీల్చే ప్రమాదముంది. నాక్ ఖరీదు, పిన్ ఖరీదు కలిపినా షాఫ్టు ఖరీదు ముందు చిల్లర.

అందుకని అందరూ పిన్ పెట్టుకోవాలా? అక్కర్లేదు. ఇక్కడ విజయవాడ చుట్టుపక్కల పిల్లలు వెన్నం జ్యోతి సురేఖను చూసి కాంపౌండ్ (కొసల్లో చక్రాలున్న విల్లు) కావాలంటారు, బొమ్మదేవర ధీరజ్‌ను చూసి రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) అంటారు. కాంపౌండ్‌లో 50 మీటర్ల దూరం, 80 సెంటీమీటర్ల టార్గెట్, 10 పాయింట్ల వృత్తం 8 సెంటీమీటర్లే. రికర్వ్‌లో 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల టార్గెట్, 10 వృత్తం 12.2 సెంటీమీటర్లు. మీ బాణాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పడేంత గ్రూపు వస్తుంటే పిన్ పెట్టుకోండి. ఇంకా టార్గెట్ నడిమి పసుపు దాటి ఎరుపు, నీలం రంగుల్లో చెల్లాచెదురుగా పడుతుంటే ప్రెస్ ఫిట్ చాలు. పిన్ పెడితే తోక వైపు కొంత బరువు పెరుగుతుందని గుర్తుంచుకోండి. తోక బరువెక్కితే బాణం తూకం వెనక్కి జరుగుతుంది, షాఫ్టు వంగే తీరు కూడా కాస్త మారుతుంది. డజనులో ఆరింటికి పిన్, ఆరింటికి ప్రెస్ ఫిట్ అన్న పొదుపు మాత్రం చెయ్యకండి.

ఇప్పుడు స్ట్రింగు వైపు

నాక్ నోట్లోకి ఓసారి తొంగిచూడండి. గాడి పైన రెండు చెవులుంటాయి. చెవుల దగ్గర గాడి ఇరుకు, లోపల కాస్త వెడల్పు. స్ట్రింగు ఆ ఇరుకు దాటేటప్పుడు "టిక్" మంటుంది. దాటాక నాక్ స్ట్రింగు మీద స్వేచ్ఛగా అటూ ఇటూ తిరగాలి. టిక్ మనాలి, ఆ తర్వాత పట్టు ఉండకూడదు. టిక్ మన్నాక కూడా తిప్పితే తిరగకుండా బిగిసిపోతుంటే లోపలి గాడి మీ స్ట్రింగుకి చిన్నదన్నమాట.

గాడి రెండు సైజుల్లో వస్తుంది, చిన్నది, పెద్దది. ఈస్టన్‌లో చిన్న గాడి 0.088 అంగుళాలు, పెద్దది 0.098. మన కొలతల్లో 2.24, 2.49 మిల్లీమీటర్లు. తేడా పావు మిల్లీమీటరు. బైటర్ నాక్‌ల మీద 12/1, 12/2 లాంటి అంకెలుంటాయి. గీతకు ముందున్న అంకె షాఫ్టు వైపుది, తర్వాతది గాడిది. 1 అంటే చిన్న గాడి, 2 అంటే పెద్దది. ఈ రెండో అంకె చూడకుండా కొన్నవాళ్లు నా దగ్గరికే నలుగురైదుగురు వచ్చుంటారు.

నేర్చుకునేవాళ్ల విల్లుకి డాక్రాన్ స్ట్రింగు ఉంటే అది లావుగా ఉంటుంది, సాధారణంగా పెద్ద గాడి కావాలి. కాంపౌండ్ స్ట్రింగులు కూడా 24 పోగులతో, పైన సర్వింగుతో (నాక్ తగిలే చోట స్ట్రింగు చుట్టూ చుట్టే దారంతో) లావుగానే వస్తాయి, వాటికీ ఎక్కువగా పెద్ద గాడే. ఫాస్ట్‌ఫ్లైట్, 8125 లాంటి సన్నటి పోగులతో చేసిన రికర్వ్ స్ట్రింగుకి చిన్న గాడి సరిపోతుంది. ఇవన్నీ మొదలుపెట్టడానికి పనికొచ్చే మాటలే. మీ స్ట్రింగు లావును నిర్ణయించేది పోగుల సంఖ్య ఒక్కటే కాదు, మధ్యలో చుట్టిన సర్వింగు దారం కూడా. అందుకని కింది పరీక్ష చెయ్యకుండా ఏ నాక్ కూడా సరైనదని అనుకోకండి.

వేలితో తట్టి చూడండి

విల్లుకి స్ట్రింగు ఎక్కించి ఉండగా, విల్లును నేలకు సమాంతరంగా అడ్డంగా పట్టుకోండి. బాణాన్ని నాకింగ్ పాయింట్ (నాక్ ఎక్కడ తగిలించాలో చూపేలా స్ట్రింగు మీద కట్టిన ముడి) దగ్గర స్ట్రింగుకి తగిలించి, మొన నేలకేసి వేలాడేలా వదిలేయండి. కింద గడ్డి గానీ, పాత దుప్పటి గానీ ఉంటే మంచిది. పింగాణీ పలకల మీద మొన పడితే ఇంట్లో వేరే గొడవ.

బాణం దానంతట అదే జారి పడిపోతే గాడి వదులు. వేలాడుతుంటే, నాక్‌కి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో స్ట్రింగును చూపుడువేలితో ఒక్కసారి తట్టండి. తలుపు మీద మెల్లగా కొట్టినంత చాలు. ఆ ఒక్క దెబ్బకి పడిపోతే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు సార్లు గట్టిగా తట్టినా కదలకుండా గబ్బిలంలా వేలాడుతుంటే బిగుతు.

ఒక బాణంతో చూసి ఆపకండి. డజనూ ఒక్కొక్కటిగా వేలాడదీయండి. కిందటి వేసవిలో పదో తరగతి చదివే కుర్రాడొకడు వచ్చి, "సార్, మూడు బాణాలు మాత్రం ఎప్పుడూ కిందికే పడుతున్నాయి, స్పైన్ తేడానా?" అన్నాడు. షాఫ్టులు తూచాం, తిప్పి చూశాం, ఏ తేడా లేదు. చివరికి వేలాడదీస్తే తొమ్మిది ఒక్క తట్టుకే పడ్డాయి, మూడు మాత్రం నాలుగో తట్టుకి గానీ పడలేదు. నాక్‌లు పీకి పక్కపక్కన పెట్టి చూస్తే రంగు ఒకటే, గాడి వేరు. పోయిన నాక్‌ల స్థానంలో స్నేహితుడి డబ్బాలోంచి తీసి పెట్టుకున్నాడట. మూడు నాక్‌లు మార్చాక మూడూ గుంపులో కలిశాయి. స్పైన్ మార్చాలని వాడు అప్పటికే ఇంట్లో డబ్బులు అడిగి ఉన్నాడు.

బిగుతు నాక్ ఎందుకు చెడగొడుతుందంటే, స్ట్రింగు ముందుకొచ్చి ఆగిన క్షణంలో బాణం దాన్ని వదిలి పోవాలి. గాడి వదలకపోతే స్ట్రింగు తోకను లాగుతుంది. ఒక్కో బాణాన్ని ఒక్కోలా లాగుతుంది, అందుకే గ్రూపు విచ్చుకుంటుంది. తక్కువ పౌండ్ల, అంటే లాగడానికి తేలికైన విల్లు వాడే పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బాణానికున్న తోపే తక్కువ.

వదులు నాక్‌ది వేరే ప్రమాదం. లాగేటప్పుడో, గురి చూస్తూ ఆగినప్పుడో నాక్ స్ట్రింగు మీంచి ఒక్క పిసరు ముందుకి జారొచ్చు. అది గమనించకుండా వదిలితే స్ట్రింగు ఖాళీగా పోతుంది. దాన్నే డ్రై ఫైర్ అంటారు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబుల (విల్లుకి పైనా కిందా ఉండే వంగే బద్దల) మీదికే తిరుగుతుంది. కాంపౌండ్ విల్లయితే క్యామ్ (కొసనుండే చక్రం) మీంచి స్ట్రింగు ఊడొచ్చు, లింబు పగలొచ్చు, ముఖానికి దెబ్బ తగలొచ్చు. రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదంటే నేను కాస్త బిగుతునే ఎంచుకుంటాను. పాయింట్లు పోతే మళ్లీ వస్తాయి.

బిగుతయినా, వదులయినా నాక్‌ని గీకకండి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బిగుతుగా ఉందని గోరు ఆకురాయి తీసుకుని గాడిని రాస్తారు, లేదా చెవులను వేడినీళ్లలో ముంచి విప్పదీస్తారు. ఒక నాక్‌ని అలా సరిచేయొచ్చేమో గానీ, పన్నెండింటిని ఒకేలా గీకగలిగిన చెయ్యి నేనింతవరకు చూడలేదు. నాక్‌లు అచ్చులో పోసినవి, వాటి గొప్పతనమంతా ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండటంలోనే ఉంది. మార్చాల్సింది సర్వింగు.

కొత్తగా సర్వింగు చుట్టించినప్పుడు కాస్త బిగుతుగా ఉంటే కంగారుపడకండి. ఒకటి రెండు రోజుల ప్రాక్టీసుకి దారం అణిగి సర్దుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే సన్నటి దారంతో మళ్లీ చుట్టాలి. లెక్క చూడండి. 0.021 అంగుళాల దారం తీసేసి 0.018 అంగుళాలది చుడితే దారంలో తేడా 0.003 అంగుళాలే. కానీ దారం స్ట్రింగుకి అటూ ఇటూ రెండు వైపులా ఉంటుంది కాబట్టి మొత్తం లావులో తేడా 0.006 అంగుళాలు, అంటే సుమారు 0.15 మిల్లీమీటరు. చిన్న గాడికీ పెద్ద గాడికీ ఉన్న తేడా పావు మిల్లీమీటరని పైన చెప్పుకున్నాం. అందులో సగానికి పైగా దారం మార్చినంత మాత్రానే వస్తుంది. అందుకే ముందు నాక్ ఖాయం చేసుకుని, ఆ నాక్‌కి తగ్గట్టు సర్వింగు చుట్టించుకోండి. స్ట్రింగు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నాక్ ఒకటి వాళ్ల చేతిలో పెట్టండి. పని తెలిసినవాళ్లయితే కొలత అడగరు, నాక్ అడుగుతారు.

మరీ వదులైతే లావు దారం వాడొచ్చు, లేదా సర్వింగు కింద స్ట్రింగు పోగు ఇంకొకటి అదనంగా పెట్టి చుట్టొచ్చు. సర్వింగు బిగువు కూడా లెక్కలోకి వస్తుంది. బాగా బిగించి చుడితే కాస్త సన్నబడుతుంది, వదులుగా చుడితే లావెక్కి కొన్నాళ్లకే జరగడం మొదలెడుతుంది. నెలల తరబడి బాగున్న నాక్ ఈ మధ్య వదులైందనిపిస్తే, నాక్‌ని అనుమానించే ముందు సర్వింగు చూడండి. నాకింగ్ పాయింట్ దగ్గర దారం అరిగి మెరుస్తూ ఉంటుంది.

నాకింగ్ పాయింట్ల మధ్య చోటు

నాక్ గాడి సరిపోయినా, స్ట్రింగు మీద పైనా కిందా కట్టిన నాకింగ్ పాయింట్ల మధ్య అది ఇరుక్కుంటే మళ్లీ మొదటికే వస్తాం. స్ట్రింగు లాగినప్పుడు కోణం ముడుచుకుంటుంది, రెండు పాయింట్లూ నాక్‌ని నొక్కుతాయి. రికర్వ్‌లో పైనుంచి వేలు కూడా నొక్కుతుంది. బాణం రెస్టు (విల్లు మీద బాణం ఆనే చోటు) మీంచి లేస్తుంటే, లేదా క్లిక్కర్ (సరిపడా లాగాక టిక్ మనే రేకు) కింద బాణం ఊగుతుంటే ఇది చూసుకోండి. స్ట్రింగు మామూలుగా ఉన్నప్పుడు నాక్‌కీ పాయింటుకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు నేను వదులుతాను. నాక్ రకం మారిస్తే దాని మందం కూడా మారుతుంది. అప్పుడు పాయింట్లు విప్పి మళ్లీ కట్టాలి.

బిగించడం, తిప్పి సరిచేయడం

ప్రెస్ ఫిట్ నాక్‌కి జిగురు వేయకూడదు. చేత్తో తిప్పుతూ నెడితే దిగాలి, ఆ తర్వాత వేళ్లతో మామూలుగా లాగితే రాకూడదు. ఒక్క వెంట్రుకంత వదులుంటే, సన్నటి ప్లాస్టిక్ సంచిలోంచి చిన్న ముక్క కత్తిరించి షాఫ్టు మూతి మీద పరిచి, దానితోపాటే నాక్‌ని నెట్టి, బయటికొచ్చిన ప్లాస్టిక్‌ను బ్లేడుతో కోసేయండి. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఒక చుట్టు వేసినా ఇదే పని చేస్తుంది. రెండో చుట్టు వేయాల్సి వస్తోందంటే మీరు కొన్నది తప్పు నాక్. నేను ఆ రోజు అయిదు చుట్లు వేశాను.

పిన్‌ను కొందరు హాట్ మెల్ట్ జిగురుతో అంటిస్తారు. కార్బన్ షాఫ్టును మంటకి చూపించకండి, కార్బన్‌ను పట్టి ఉంచే రెసిన్ చెడిపోతుంది. పిన్‌ను మాత్రమే వేడిచేసి దూర్చండి. తీయాలంటే వేడినీళ్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో బాణాల పెట్టెను ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఆ జిగురు మెత్తబడొచ్చు, సాయంత్రం ఒకసారి పిన్‌లు తిప్పి చూసుకోండి.

నాక్‌ని ఏ దిక్కుకి తిప్పాలన్నది మీ రెస్టును బట్టి ఉంటుంది. రికర్వ్‌లో రంగు వేరుగా ఉన్న వేన్ (తోక దగ్గర అంటించే ఈకలాంటి రెక్క) విల్లుకి అవతలి వైపు, అంటే బయటికి చూడాలి. కాంపౌండ్‌లో రెస్టు రకాన్ని బట్టి పైకో కిందికో పెట్టుకుంటారు. ఏదైనా వేన్ రెస్టుకి తగలకపోవడమే ముఖ్యం. అనుమానముంటే వేన్‌ల మీద టాల్కమ్ పౌడర్ రాసి ఒక బాణం వేయండి, ఎక్కడ తగిలితే అక్కడ గీత పడుతుంది. సరైన కోణం దొరికాక డజనునీ ఒకేలా తిప్పండి. కొన్ని నాక్‌ల మీద ఒక పక్క చిన్న గుబ్బ ఉంటుంది, చూడకుండానే బొటనవేలితో తడిమి ఏ వైపో తెలుసుకోడానికి.

చివరగా బాణాన్ని అరచేతిలో మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పి, తోక వైపు చూడండి. నాక్ ఊగుతుంటే అది వంకరగా కూర్చున్నట్టు. చాలాసార్లు తప్పు నాక్‌ది కాదు, షాఫ్టు మూతిని అడ్డదిడ్డంగా కోయడం వల్ల అలా జరుగుతుంది.

రంగు

అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి, ఆఖర్న రెండు ముక్కలు. టార్గెట్ నడిబొడ్డు పసుపు. అక్కడికి చేర్చాలని ప్రయత్నిస్తూ పసుపు నాక్ పెట్టుకుంటే బైనాక్యులర్లో మీ బాణం మీకే కనబడదు. పచ్చిక గ్రౌండైతే ఆకుపచ్చ నాక్ ఉన్న బాణం తప్పిపోయినప్పుడు గంటసేపు వంగి వెతకాలి. గులాబీ, నారింజ రంగులు రెండు చోట్లా కనబడతాయి. ఆ ఒక్క విషయంలో నా మొదటి డజను తప్పు కాదు. పోటీల్లో ఒక ఎండ్‌లో (ఒక విడతలో) వాడే బాణాలన్నిటి నాక్‌లూ ఒకే రంగులో ఉండాలి, వెలిగే ఎలక్ట్రానిక్ నాక్‌లకు వరల్డ్ ఆర్చరీ పోటీల్లో అనుమతి లేదు.

ఎప్పుడు మార్చాలి

ప్రతి ఎండ్ తర్వాత టార్గెట్ దగ్గర బాణాలు పీకేటప్పుడే నాక్ చూడటం అలవాటు చేసుకోండి. రెండు చెవుల్నీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా నొక్కి, తర్వాత గోటితో విప్పినట్టు చేయండి. మంచి నాక్ స్ప్రింగులా వెనక్కి వస్తుంది. పగులుంటే గాడి అడుగున సన్నటి తెల్ల గీత తెరుచుకుంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే వెంట్రుకలా కనిపిస్తుంది. పారదర్శకంగా ఉండే నాక్‌లలో ఇది పట్టుకోవడం కష్టం. అందుకే పిల్లల బాణాలకు అవి వద్దంటాను. గీత కనిపించినా, కనిపించక అనుమానం మాత్రమే ఉన్నా మార్చేయండి. లాగి వదిలే క్షణంలో చెవి విరిగితే అది కూడా డ్రై ఫైరే.

వెనక నుంచి ఇంకో బాణం తగిలిన నాక్‌ని బాగానే ఉన్నట్టు కనిపించినా మార్చండి. ప్రెస్ ఫిట్ రకమైతే షాఫ్టు మూతి దగ్గర కూడా వేలు పెట్టి తడమండి, బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి చిటపట వినబడుతుందేమో చూడండి. పిన్ వంగితే తిన్నగా కొట్టి మళ్లీ వాడకండి.

పీకడానికి నాక్ ప్లయర్స్ వాడండి. లేదంటే మామూలు పట్టకారుకి గుడ్డ చుట్టి, చెవులను కాకుండా మొదలును పట్టుకుని తిప్పుతూ లాగండి. పళ్లతో పీకే పిల్లలు ప్రతి గ్రౌండులో ఉంటారు. వాళ్ల నాక్‌ల మీద పంటి గాట్లుంటాయి, సరిగ్గా ఆ గాటు దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది.

డజను బాణాలకు పన్నెండు కాకుండా రెండు డజన్ల నాక్‌లు ఒకేసారి, ఒకే ప్యాకెట్టులోవి కొనుక్కోండి. ఆరు నెలల తర్వాత అదే పేరుతో కొన్నవి వేలాడదీసి చూసేదాకా అవేనని నమ్మకండి. మిగిలినవి ఖాళీ మాత్రల డబ్బాలో వేసి, మూత మీద షాఫ్టు పేరు, గాడి సైజు, సర్వింగు దారం సైజు మార్కరుతో రాసిపెట్టుకోండి. క్వివర్ (అమ్ములపొది) జేబులో మాత్రం రెండు చాలు.